బంగారు పూత పటం

పోయిన వారం మనం హల్డా క్రెయిగ్‌ను లైబ్రరీ బల్ల వెనక నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆమె ముందు బల్ల మీద రేకు మీద తీసిన అరచేయంత పాత ఫోటో ఒకటి ఉంది. అందులోని గడ్డపు మనిషీ, టౌన్ హాల్లో బంగారు పూత చట్రంలో వేలాడే మనిషీ ఒకరే. టౌన్ హాల్లో ఆయన పేరు జోసయా విట్లో. సరిగ్గా వందేళ్ళ క్రితం ఈ పట్టణానికి వీధులు గీయించి, దానికి విట్లో అని తన పేరే పెట్టినవాడు. రేకు ఫోటో వెనక మేకుతో గీకి రాసిన పేరు మాత్రం ఎఫ్రాయిమ్ టల్లీ. రేవులో పడవ నడిపినవాడు. ఫోటో తెచ్చిన రోవేనా టల్లీ అడిగింది ఒక్కటే. "మా తాత మీ హాల్లో ఏం చేస్తున్నాడు, మిస్ హల్డా?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని హల్డా నలభై నాలుగేళ్ళుగా ఎదురు చూస్తోంది. తీరా అడిగాక ఆమె చేసింది, చేతి పక్కనున్న సిరాబుడ్డికి మూత బిగించడం. బిగించిన మూతనే మళ్ళీ ఒకసారి బిగించింది.

గురువారం మధ్యాహ్నం. లైబ్రరీలో వాళ్ళిద్దరే ఉన్నారు. ఊరంతా కోర్టు ముందు పచ్చికలో ఉంది. నూరేళ్ళ పండగ కోసం మార్చి నుంచి మగవాళ్ళెవరూ గడ్డం గీయకూడదని, ఆడవాళ్ళు పాతకాలపు కుచ్చుల టోపీ లేకుండా బయట తిరగకూడదని కమిటీ నియమం పెట్టింది. గీసుకుని దొరికినవాణ్ణి చెక్క బోనులో నిలబెట్టి పాట పాడిస్తారు. కిటికీలోంచి ఎవరిదో బొంగురు గొంతు, దాని వెనక నవ్వులు వినిపిస్తున్నాయి. ఆదివారం పాత రేవు దగ్గర జోసయా విట్లో కంచు విగ్రహానికి తెర తీస్తారు. తెర తీసేముందు ఊరి చరిత్ర చదవాల్సింది హల్డా. యాభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆమె నలుగురి ముందు నిలబడి మాట్లాడింది లేదు. చదవడమే కదా, కాగితం ఉంటుంది కదా అని ఒప్పుకుంది.

"మీరు... ఆ టౌన్ హాలు పటాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?" అంది చివరికి. అది తప్పించుకునే మాట అని ఆమెకే తెలుసు.

"దగ్గర్నుంచా?" రోవేనా నవ్వింది. ఆమె గుండీల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. గుండీలు చేసే ఆల్చిప్పల పొడి మోచేతుల దాకా తెల్లగా అంటుకుని ఉంది. "అది మా ఇంట్లో పొయ్యి పైన ఉండేదండీ. దాని కింద కూచుని నేను బంగాళాదుంపలు చెక్కేదాన్ని. ఆయన ఎడం కనుబొమలో చిన్న గాటుంటుంది, పడవ గెడ తగిలి. పోయిన వారం పేపర్లో విగ్రహం ఫోటో వేశారు. శిల్పి ఎవడో గాని పనిమంతుడు, గాటు కూడా వదల్లేదు."

హల్డా కుర్చీ చూపించింది. రోవేనా కూర్చోలేదు.

"పొడి రాలుతుంది. మీ కుర్చీలు పాడవుతాయి."

"ఫరవాలేదు, కూచోండి."

"నిలబడే అడుగుతాను. మీరు ఊరి చరిత్ర రాశారట కదా. ఈ కాగితాలేనా?"

బల్ల మీద పన్నెండు పేజీల ప్రూఫులు ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి కమిటీ వాటిని చూసి సరే అంటే అచ్చుకు వెళ్తాయి. రోవేనా చేతులు గౌనుకు తుడుచుకుని, వేళ్ళ కొసలతో పట్టుకుని మూడో పేజీ తీసింది. పెదవులు కదుపుతూ మెల్లగా చదివింది.

"'పద్దెనిమిది వందల యాభై ఎనిమిది వరదలో జోసయా విట్లో ఒక పడవవాడి సాయంతో అరవై కుటుంబాలను గట్టుకు చేర్చాడు.'" ఆమె తలెత్తింది. "ఒక పడవవాడు. ఆయనకి పేరు లేదా అండీ?"

హల్డా ఆ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. పేరు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. పేరు రాస్తే ఎవరో ఒకరు ఆ పేరుగల మనిషి ఎలా ఉండేవాడని అడుగుతారని చివరికి కొట్టేసింది. ఆ మాట ఎలా చెప్పడం?

"నాకు పేరు తెలుసు," అంది.

"తెలుసని నాకూ తెలుసు. అందుకే మేయర్ దగ్గరికి పోకుండా మీ దగ్గరికొచ్చా. పంతొమ్మిది వందల పదమూడు వరద గుర్తుందా?"

గుర్తు లేకేం. నీళ్ళు తీసిన వారానికి మెథడిస్టు చర్చి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టారు. ఊరందరి ఇళ్ళలోంచి కొట్టుకొచ్చిన దుప్పట్లు, బైబిళ్ళు, పెళ్ళి బట్టలు వాటి మీద ఆరేశారు. పటాలను గోడ వారగా బెంచీల మీద నిలబెట్టారు. వెనక అంటించిన పేర్లు నానిపోయి ఊడిపోయాయి. ఎవరి పటం ఏదో గుర్తుపట్టి కొత్త చీటీలు రాసే పని పదిహేనేళ్ళ హల్డాకు ఇచ్చారు. కారణం ఒక్కటే, ఆమె చేతిరాత బాగుంటుంది. రెండు రోజుల్లో అన్నీ అయ్యాయి. చివరికి రెండు పటాలు, జాబితాలో రెండు పేర్లు మిగిలాయి. ఒక పటానికి బంగారు పూత చట్రం. రెండోదానికి మామూలు కర్ర చట్రం. పేర్లు విట్లో, టల్లీ.

పక్కన నలుగురు పెద్దవాళ్ళు ఉన్నారు. అడిగితే చెప్పేవారు. అడగడానికి హల్డాకు సిగ్గేసింది. ఇంత చిన్న సంగతి తెలియదా అంటారేమోనని. ఊరు కట్టినవాడిది బంగారు పూత కాక మరేముంటుంది అనుకుంది. రాసేసింది.

"మీరు రాసిన కాసేపటికే మా అమ్మ వచ్చింది," రోవేనా అంటోంది. "నేనూ ఉన్నాను వెనక. అమ్మ ఆ బంగారు పటం దగ్గరికి పోయి, ఇది మా మామగారండీ అంది. మీరు బల్ల దగ్గర కూచుని ఉన్నారు, చూపుడు వేలికి సిరా. ఏమన్నారో గుర్తుందా?"

హల్డా మిగిలిన ప్రూఫుల అంచులు సరిచేసింది.

"'పేరు రాసేశానండీ' అన్నారు. అంతే. తల కూడా ఎత్తలేదు. అప్పటికి సిరా ఆరనైనా లేదు, హల్డా. నాకు కనిపిస్తోంది, తడితడిగా మెరుస్తోంది. ఇంకో చీటీ రాస్తే పోయేది. ఒక్క చీటీ."

మిస్ పోయి హల్డా మిగిలింది. ఆ తరువాత రోవేనా మళ్ళీ మీరు అనలేదు.

"నువ్వూ నేనూ ఒకే తరగతి కదే. నీ వెనక బెంచీలో కూచునేదాన్ని. నీ జడ చూసి పాఠం మరిచిపోయేదాన్ని. అంత నున్నగా ఎలా వేస్తుందో వాళ్ళమ్మ అని. నువ్వు నన్ను గుర్తుపట్టలేదంటే నేను నమ్మను."

"గుర్తుపట్టాను," అంది హల్డా. "మీ అమ్మ చెప్పింది నిజమని కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ ఆ గాటు మీద వేలు పెట్టి చూపించింది. నాకు తెలిసింది. తెలిసీ..."

"మరి?"

"అక్కడ అందరూ చూస్తున్నారు రోవేనా. తప్పు రాశాను అని పైకి అనాలి. నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు విట్లో వాళ్ళ బండి వచ్చి పటం తీసుకెళ్ళిపోయింది. ఏడాది తిరక్కుండా వాళ్ళు దాన్ని టౌన్ హాలుకిచ్చారు. ఇక ఎవరికి చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా. మా ఇల్లు ఎక్కడికీ పోలేదు. వరదొచ్చినప్పుడల్లా నాలుగడుగులు అటూ ఇటూ జరిగిందంతే."

హల్డాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకుంది.

"ఇంకో సంగతి అడుగుతా, నిజం చెప్పు," అంది రోవేనా. "పూత చట్రం మాకెక్కడిదని ఎప్పుడైనా ఆలోచించావా?"

"చాలాసార్లు ఆలోచించాను. తెలియదు."

"ఆ అరవై కుటుంబాల వాళ్ళు తలా కొంచెం వేసుకుని చేయించారు. తాత వద్దన్నాడట, పటం కింద కూచుంటే పులుసు దిగదని. బలవంతంగా పెట్టి వెళ్ళారు. జోసయా గారు పిసినారి అట, కర్ర చట్రం ఆయన తనకి తానే చేయించుకున్నది. చట్రం చూసి మనిషిని తేల్చేశావు నువ్వు. నిన్నొక్కదాన్నే అనడం దేనికి, ఈ ఊళ్ళో ఎవరైనా అదే చేసేవాళ్ళు."

బయట బోనులో మనిషి పాట అయిపోయినట్టుంది, చప్పట్లు వినిపించాయి. రోవేనా కిటికీలోంచి చూసింది.

"మూడు వందల మంది మగాళ్ళు మా తాత గడ్డం పెట్టుకుని తిరుగుతున్నారు. మీ మేయర్ది చూశావా, పక్షి వదిలేసిన గూడులా ఉంది. తాత చూస్తే కత్తెర పట్టుకుని వెంటపడేవాడు."

ఈసారి హల్డా నవ్వేసింది. నవ్వుతూనే అడిగింది. అడగాలంటే ఇప్పుడే, ఈ నవ్వు ఆరేలోపే అడగాలి. "రెండో పటం ఏమైంది? మీ అమ్మకి ఇచ్చి పంపించాం కదా, ఆ కర్ర చట్రంది."

రోవేనా చేతులు మళ్ళీ గౌనుకు తుడుచుకుంది. అప్పుడు కూర్చుంది. కుర్చీ అంచు మీద, పొడి అంటకుండా.

"మా పొయ్యి పైనే ఉంది."

"ఉంచుకున్నారా?"

"పారెయ్యమని నాన్న అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. 'ఎవరి తాతో పాపం, దారి తప్పి మన దగ్గరికొచ్చాడు, నీళ్ళలో తడిసిన మనిషిని మళ్ళీ బయటికి తోస్తామా' అంది. నలభై నాలుగేళ్ళుగా ప్రతి శనివారం తుడుస్తుంది. ముప్పై ఏడులో మళ్ళీ వరదొస్తే ముందు ఆయన్నే అటక ఎక్కించింది, నా కుట్టుమిషను కంటే ముందు. ఇప్పుడు కళ్ళు ఆనవు. వేళ్ళతో తడిమి తుడుస్తుంది."

హల్డా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకున్నది వేరు. టల్లీ వాళ్ళు ఆ పటాన్ని కోపంతో పొయ్యిలో వేసి ఉంటారనుకుంది. అలా చేసి ఉంటే బాగుండునని కూడా కొన్నిసార్లు అనుకుంది. అప్పుడు ఇద్దరి తప్పూ సరిపోయేది. తన తప్పు తనకొక్కదానికే మిగలడం ఆమెకు ఇవాళే తెలిసింది.

"మీ అమ్మకి ఎన్నేళ్ళు?"

"ఎనభై ఆరు. ఆదివారం ఆమెని కుర్చీలో కూచోబెట్టి రేవు దగ్గరికి తీసుకొస్తున్నా. మా అన్నదమ్ములు మోస్తామన్నారు. మా రేవులో మా మామగారి బొమ్మ పెడుతున్నారట కదే, ఎవరి పేరు చదువుతారో విని పోతా అంటోంది. విని పోతా అంటే ఇంటికి అని కాదు." రోవేనా ప్రూఫు కాగితాన్ని తీసినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "మాకు పటం వద్దు. ఆ పూతా వద్దు. విగ్రహం మీరే ఉంచుకోండి. కింద రాసే పేరు మార్చండి. చదివేది నువ్వే కదా. అదొక్కటే అడగడానికొచ్చా."

గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

హల్డా కళ్ళజోడు పెట్టుకుంది. సిరాబుడ్డి మూత తీసింది. మూడో పేజీలో 'ఒక పడవవాడి సాయంతో' అన్న ముక్క కొట్టేసి, పైన చిన్న చిన్న అక్షరాలతో 'ఎఫ్రాయిమ్ టల్లీ సాయంతో' అని రాసింది. అదే పేజీలో వేసిన పటం బొమ్మ కింద విట్లో పేరు కొట్టేసి అక్కడా టల్లీ పేరు రాసింది. రోవేనా మెడ చాచి చూసింది.

"రాత ఇంకా బాగానే ఉంది," అంది.

"కమిటీకి వెళ్ళాలి. నువ్వు రా."

"ఈ గౌనుతోనా? నా తల మీద కుచ్చుల టోపీ కూడా లేదు, బోనులో పెడతారు." అని ఆగింది. "బయట వరండాలో ఉంటా. నీకు నోరు రాకపోతే దగ్గు. లోపలికొచ్చి నేనే చెబుతా, వాళ్ళు తట్టుకోలేరు మరి."

టౌన్ హాల్లో కమిటీ అప్పటికే కూర్చుంది. పొడుగాటి బల్ల చుట్టూ నలుగురు గడ్డాల మగవాళ్ళు, ఒక కొసన మిసెస్ పెనిక్. మహిళా సంఘం అధ్యక్షురాలు. ఆ ఎండలో కూడా కుచ్చుల టోపీ రిబ్బను గడ్డం కింద గట్టిగా ముడేసుకుంది. రెండో కొసన మేయర్ జడ్సన్ విట్లో. జోసయా మునిమనవడు. ఆయన వెనక గోడ మీద పటం. పటంలోని మనిషికీ ఆయనకీ ముక్కు ఒకటేనని ఊళ్ళో చిన్నప్పటి నుంచీ అందరూ అనడం, ఆయన అవునన్నట్టు తల ఊపడం మామూలు.

"రావమ్మా హల్డా. సంతకం చేసేసి మజ్జిగ తాగుదాం," అంది మిసెస్ పెనిక్. "కామా కూడా మార్చక్కర్లేదని నేను ముందే చెప్పాను వీళ్ళకి."

హల్డా కూర్చోలేదు. కాగితాలు పట్టుకున్న చేతులను బల్లకు ఆనించింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. దగ్గితే చాలు. గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది కూడా. ఆమె దాన్ని మింగింది.

"మూడో పేజీలో తప్పుంది," అంది. "ఆ పటంలో ఉన్నది జోసయా విట్లో గారు కాదు."

ఎవరో గడ్డం గోక్కుంటున్న చప్పుడు ఆగింది.

"ఆయన ఎఫ్రాయిమ్ టల్లీ. రేవు పడవ ఆయనది. పదమూడు వరద తరవాత చర్చి హాల్లో పేర్లు రాసింది నేను. రెండు పటాలు తారుమారు చేశాను. టల్లీ వాళ్ళావిడ అప్పటికప్పుడే వచ్చి చెప్పింది. నేను దిద్దలేదు. ఇదిగో, ఇవాళ దిద్దాను."

అంత పెద్ద మాట ఆమె నోటివెంట ఆ గదిలో ఎప్పుడూ రాలేదు. అందరికంటే ముందు ఆమే ఆశ్చర్యపోయింది.

"ఎండ తగిలిందా నీకు?" అంది మిసెస్ పెనిక్. తిట్టినట్టు లేదు, నిజంగానే కంగారు పడింది. "హల్డా, విగ్రహం రైలెక్కేసింది. రేపు పొద్దున దిగుతుంది. బ్యాండు వాళ్ళొస్తున్నారు. ఈ నలుగురూ మార్చి నుంచి దురద భరిస్తున్నారు. పోనీ నువ్వు చెప్పేది నిజమే అనుకో. ఎవరికి తేడా తెలుస్తుంది? పోయినవాళ్ళు లేచొచ్చి అడుగుతారా?"

"ఉన్నవాళ్ళే అడిగారండీ."

"ఆదివారం దాకా ఆగలేవా? పండగ అయ్యాక మెల్లగా ఒక చిన్న ముక్క పేపర్లో వేద్దాం."

"రేపు చెబుదాం అనే అనుకున్నానండీ అప్పుడు కూడా," అంది హల్డా. "ఆ పేరుతో అయితే ఆదివారం నేను చదవను. వేరే వాళ్ళ చేత చదివించుకోండి. చదివితే నేను దిద్దిందే చదువుతాను."

మిసెస్ పెనిక్ రిబ్బను ముడి వదులు చేసుకుంది. ఏమనాలో తోచక మేయరు వైపు చూసింది. అందరూ చూశారు. ఎంతైనా పోయేది ఆయన ముత్తాత.

జడ్సన్ విట్లో కుర్చీలో వెనక్కి తిరిగి పటాన్ని చూస్తున్నాడు. ఆయనకు కోపం వస్తుందని హల్డా అనుకుంది. నవ్వి కొట్టిపారేస్తాడని కూడా అనుకుంది. ఆయన ముందుకు తిరిగినప్పుడు, ఎన్నాళ్ళుగానో మోస్తున్న మూట దించుకున్నవాడిలా భుజాలు జారి ఉన్నాయి.

"మీరేం తప్పు చేయలేదు మిస్ హల్డా," అన్నాడు. "చేసినా అది ఒక్క రోజుది. ఆ పటం బండి దిగిన రోజే మా నాయనమ్మ గుర్తుపట్టింది. ఇది మా మామగారు కాదు అంది. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. పక్కనే ఉన్నాను."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. గుమ్మంలో రోవేనా, మోచేతుల దాకా తెల్లటి పొడితో. దగ్గు కోసం ఆగలేదు.

"తెలిసి ఉంచుకున్నారా?" అంది. "మా అమ్మ పరాయి మనిషిని జాలిపడి ఇంట్లో పెట్టుకుంది. తెలిసి పెట్టుకోవడానికి మీకేం పనొచ్చిందండీ?"

మేయరు లేచి నిలబడ్డాడు. ఆమె గౌనుని గాని, పొడిని గాని చూడలేదు. ముఖమే చూశాడు.

"మిసెస్ పెనిక్, ఆ తలుపు వేయించండి. మీరు కూచోండమ్మా," అన్నాడు రోవేనాతో. "మా ముత్తాత మొహం చూస్తే పాతవాళ్ళకి ఆ యాభై ఎనిమిది వరద రాత్రి గుర్తొస్తుందని, అది ఊళ్ళో ఎవరి కంటా పడకూడదని మా ఇంట్లో అందరికీ ఉండేది. నాయనమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ అరవై కుటుంబాలను మీ తాత ఏ గట్టు నుంచి ఏ గట్టుకు దాటించాడో, ఆ రాత్రి ఆ పడవ తాడు కోసింది ఎవరో మీకు తెలిస్తే, ఆదివారం విగ్రహం కింద పేరు మార్చి ఊరుకోరు. ఈ ఊరి పేరే మార్చమంటారు."

హల్డా తన పక్కనున్న కుర్చీ లాగి, పొడి సంగతి చూసుకోకుండా రోవేనాను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.